గాలి సంగతేంది మేడం

నిమ్మకాయ, మిరపకాయలు వేలాడే దుకాణంలో నేను ఏదీ కొనను. ముప్పై ఏళ్ళుగా ఇదే నియమం. జహీరాబాద్‌లో ఇలాంటి నియమం పెట్టుకోవడమంటే దాదాపు బజారంతా వదులుకోవడమే. చెప్పులకు ఒకటి, ఉప్పుపప్పులకు ఒకటి, మందులకు ఒకటి, మొత్తం మూడు దుకాణాలు మిగిలాయి నాకు. మందుల దుకాణం వాడు కూడా ఒక శనివారం గుమ్మానికి కట్టాడు. డాక్టరు చీటీ చేతిలో పట్టుకొని మెట్ల కిందే నిలబడి, "ఆ మిరపకాయలు పని చేస్తే నీ గోళీలెందుకు?" అని అడిగాను. మరుసటి వారానికి తీసేశాడు. నా వాదన నచ్చి కాదు, నాతో మాట్లాడే ఓపిక లేక. ఏ కారణంతో తీసినా నాకు అభ్యంతరం లేదు.

ఈ నియమాన్ని ఒక్కసారే తప్పాను. ఒక తాడు కోసం. ఆ తాడు దాకా నన్ను తీసుకొచ్చిన సంగతులు చెప్పాలి.

మా తమ్ముడు బావుల్లో మునిగి మోటార్లు తీస్తాడు. న్యాల్‌కల్, రాయికోడ్, మొగుడంపల్లి ఊళ్ళల్లో ఎవరి పొలం బావిలో పైపు తెగి మోటారు అడుక్కి పోయినా వాడికే ఫోను వస్తుంది. నీళ్ళలోకి దిగి, బురదలో చేత్తో తడిమి, మోటారుకు కొక్కెం తగిలించి పైకి రావాలి. గట్టు మీద ఉన్నవాళ్ళు గొలుసుతో లాగుతారు. మా నాయన చేసిన పనే. వాడి సామాను ఒక చెడ్డీ, ఒక కొక్కెం, నడుముకు ఒక తాడు, దండచేతికి ఒక తాయెత్తు. ఆ తాడు రెండో కొస నా మరదలి చేతిలో ఉంటుంది.

ఆ తాడు పట్టుకోవడంలో ఒక పద్ధతి ఉంది. వాడు మునిగే ముందు గుండెల నిండా గాలి పీలుస్తాడు. సరిగ్గా అదే క్షణంలో నా మరదలు కూడా పీలుస్తుంది. వాడు నీళ్ళలో ఉన్నంతసేపు ఆమె నోరు, ముక్కు మూసుకొని నిలబడుతుంది. తన ఊపిరి అయిపోగానే, వాడి పని అయిందా లేదా అని చూడకుండా, లాగేస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు అసహ్యం వేసింది. భర్త ఊపిరికి భార్య ఊపిరి ముడిపెట్టడం! ఇది పాతివ్రత్యపు తమాషా కాక ఇంకేమిటి? మేం కొందరం హేతువాదులం నడిపే చిన్న పత్రికలో దాని మీద ఘాటుగా రాశాను. పేర్లు లేవు గానీ, ఊరు చదివిన వెంటనే అందరికీ తెలిసిపోయింది. నా మరదలు చదువుకోలేదు. ఎవరో చదివి వినిపించారట. తర్వాతి పండక్కి నాకు నీళ్ళ చెంబు అందిస్తూ, "మా వదినె నన్ను పేపర్ల ఏసింది. ఫొటో గూడ ఏస్తే మంచిగుండు" అంది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి.

పోయిన వానాకాలం తర్వాత మా తమ్ముడు ఒక బావిలోంచి పైకి వచ్చి, గట్టు పట్టుకొని, నవ్వబోయి, అలాగే కళ్ళు తేలేశాడు. పక్కన మనుషులు ఉన్నారు కాబట్టి పట్టుకొని బయట పడేశారు. దవాఖానలో డాక్టరు నాతో నెమ్మదిగానే చెప్పాడు: యాభై దాటిన మనిషి, ఊపిరి మునుపటిలా నిలవదు, ఇంకోసారి ఇలా నీళ్ళ అడుగున జరిగితే ఎవరూ ఏమీ చేయలేరు. వాడికి అదే చెప్పాను. వాడు మంచం మీద కూర్చొని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ, "బాయిలకు దిగకుంటే ఏం తింట అక్కా, నువ్వు రాసే పేపర్లా?" అన్నాడు.

ఊళ్ళో మాత్రం కారణం వేరే చెప్పుకున్నారు. మా వైపు దయ్యం అనరు, గాలి అంటారు. ఆ బావిలో గాలి ఉందట, మా తమ్ముడికి గాలి సోకిందట. నా మరదలు వాడిని ఎక్కడికో తీసుకుపోయి పాత తాయెత్తు విప్పించి కొత్తది కట్టించుకొచ్చింది. డాక్టరు చీటీలో రాసిన బలం మందులు అల్మారాలో అలాగే ఉన్నాయి. ఆ రోజు నుంచి గాలి అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండేది.

వాడు పని మానడు. అయితే ఊపిరి బయటి నుంచి ఇవ్వాలి. సముద్రాల్లో దిగేవాళ్ళు వీపుకు కట్టుకునే సామాను ఉంది కదా! ముప్పై ఏళ్ళు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, నాకు తట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది. అంత సామాను కొని ఇస్తే వాడు తాయెత్తు తీసేయాలని షరతు కూడా మనసులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, వాడి ప్రాణం ఎంత కావాలో ఆ తాయెత్తు మీద గెలుపూ అంతే కావాలి నాకు.

మెయిన్ రోడ్డు మీద మోటార్లు, పైపులు, కంప్రెసర్లు అమ్మే పెద్ద దుకాణం ఒకటి ఉంది. సేటుది కర్ణాటక సరిహద్దు కుటుంబం. గుమ్మానికి ఏడు మిరపకాయలు, ఒక నిమ్మకాయ. కొననులే, అడిగి చూద్దామని తల వంచి, అవి తగలకుండా లోపలికి వెళ్ళాను. లోపల నలుగురైదుగురు రైతులు ఉన్నారు.

"ఏం గావాలె మేడం?"

"నీళ్ళల్ల మునిగెటోళ్ళు వీపుకు కట్టుకుంటరు చూడు, లోపల ఊపిరి తీసుకునే సామాను."

"సముద్రంల ఏసుకునేదా? మనకాడ సముద్రమేడిది మేడం, వానాకాలం బస్టాండు ముంగట తప్ప!"

రైతులు నవ్వారు. నేను నవ్వలేదు. "బాయికి. మా తమ్ముడు మోటర్లు తీస్తడు" అన్నాను.

సేటు ముఖం మారింది. "హౌదు, హౌదు. ఆయన నాకెరికే. మంచి మనిషి. పట్నంల నాకు ఎరికున్నోళ్ళున్నరు, తెప్పిస్త. పది దినాలు పడ్తది." లెక్కల పుస్తకం పక్కకు నెట్టి, కొంచెం ముందుకు వంగి అడిగాడు. "గని గాలి సంగతేంది మేడం?"

నేను చదువుకునే రోజుల్లో ప్రతి ఆదివారం మా చర్చా మండలిలో కూర్చునేదాన్ని. అక్కడ మాకు నేర్పిన మొదటి సూత్రం ఇది: ఎదుటివాడు ఒక పదం వాడితే, ఖండించే ముందు ఆ పదానికి అతని అర్థం ఏమిటో అతని నోటితోనే చెప్పించు. ఈ సూత్రాన్ని నేను ఎందరికో బోధించాను.

"చదువుకున్నట్టు కనబడుతున్నవ్. నువ్వు గూడ గాలి అంటున్నవా?" అన్నాను.

"అనకుంటే ఎట్ల మేడం? గాలి లేకుంట ఎట్ల దిగుతడు?"

"గాలి లేదని తెలిసే దిగుతడు!"

సేటు నోరు తెరిచాడు. "లేకుంటనా?"

"లేదు. ఏ బాయిల లేదు. ఎన్నడూ లేదు. ఎవలన్న చూసిన్రా? చూసినోళ్ళను నా ముంగటికి తీస్కరా!"

"గాలెట్ల కనబడ్తది మేడం..." అని సేటు నసిగాడు.

వెనకనుంచి ఒక ముసలి రైతు అందుకున్నాడు. "ఉంటది మేడం, అట్లనకున్రి. మా అక్కకు గాలి పట్టి ఆర్నెల్లు మంచంల పడ్డది."

ఇక నన్ను ఆపేవాళ్ళు ఎవరు? పావుగంట మాట్లాడాను. గుమ్మానికి వేలాడే నిమ్మకాయను వేలుపెట్టి చూపించి, దాన్ని కట్టినవాడి దగ్గర ప్రాణాలు కాపాడే వస్తువు కొనడం కన్నా కొనకపోవడమే మేలని చెప్పి బయటికి వచ్చాను. మెట్లు దిగుతుంటే వెనక సేటు, "నేనేమడిగిన, ఆమె ఏం జెప్పవట్టె?" అనడం వినిపించింది. నవ్వులు వినిపించాయి. నా వాదనకు జవాబు లేక నవ్వుతున్నారనుకున్నాను.

ఇంటికి వచ్చి ఫోనులో ఆన్‌లైన్ దుకాణం తెరిచాను. అక్కడ నిమ్మకాయ లేదు. తలుపు పైన ఏమీ వేలాడటం లేదు. బొమ్మలో నీలి సముద్రం, పసుపుపచ్చని చిన్న సిలిండరు నోటికి పెట్టుకొని నవ్వుతున్న అమ్మాయి. పది నిమిషాల ఊపిరి అని రాసి ఉంది. చేతిపంపు కూడా ఇస్తారట. దాని కింద అయిదు నక్షత్రాలు. చాలా అద్భుతం అని ఒకరు, మా వారికి నచ్చింది అని ఇంకొకరు. ఎవరు వీళ్ళు? ఏ బావిలో దిగారు? ఎంత లోతుకి? నేను అడగలేదు. నక్షత్రాలను నమ్మి బతుకు పాడుచేసుకోవద్దని జీవితమంతా ఉపన్యాసాలిచ్చినదాన్ని, అయిదు నక్షత్రాలు చూసి బటన్ నొక్కాను.

పార్సిల్ తెచ్చినవాడు సందు దొరకక ఫోను చేసి, "ఏ గుడి పక్కన మేడం?" అన్నాడు. గుడి గుర్తు చెప్పనన్నాను. నీళ్ళ ట్యాంకు చెప్పాను. జహీరాబాద్‌లో ఎన్ని నీళ్ళ ట్యాంకులున్నాయో వాడు ఆ మధ్యాహ్నం అన్నీ చూసుకొని వచ్చాడు.

పెట్టెలో ఒక కాగితం ఉంది. యంత్రం ఒకటి తర్జుమా చేసినట్టున్న ఇంగ్లీషు. అందులో ఎర్ర అక్షరాల మాట ఒక్కటే అర్థమైంది: నీళ్ళలో ఊపిరి బిగపట్టవద్దు, పీలుస్తూ వదులుతూ ఉండాలి. మా తమ్ముడికి చదివి చెప్పాను.

"చిన్నప్పటి సంది బిగవట్టుడే నేర్సుకున్న అక్కా. ఇప్పుడు ఇడువుమంటవ్."

"ఇడువు. పానం మంచిగుంటది."

మరదలు గడపలో కూర్చొని అల్లం పొట్టు తీస్తోంది.

చేతిపంపు వాషరు మొదటిరోజే చిరిగింది. అమ్మినవాళ్ళకు ఫోనులో రాశాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని వచ్చింది. వాషరు లీకవుతోంది, గాలి నిలవడం లేదు అని రాశాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, సమస్యను ఫొటో తీసి పంపండి అని వచ్చింది. గాలికి ఫొటో ఎలా తీయను? అదే అడిగాను. మళ్ళీ చింతించారు. నా జీవితంలో ఎందరో పూజారులతో, బాబాలతో వాదించాను. వాళ్ళు కోప్పడేవాళ్ళు, శపించేవాళ్ళు, కనీసం వినేవాళ్ళు. ఇంత మర్యాదగా ఏమీ వినని ప్రత్యర్థిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

పంపు పని చేయదు కాబట్టి మా తమ్ముడు లేత్ షాపులో కంప్రెసర్ గొట్టం అతికేలా ఒక మూతి చేయించుకొని, సిలిండరును హైవే మీద లారీలకు పంక్చర్లు వేసే అతని దగ్గరికి పట్టుకుపోయాడు. నేనూ వెళ్ళాను. అతను తన కంప్రెసర్ గొట్టం తగిలించి, తన మీటరు ముల్లు చివరి దాకా పోయేవరకు కొట్టాడు.

"ఫుల్ టైట్ మేడం. లారీ టైరుకు ఎంత పడ్తదో అంత."

సిలిండరుకు ఉన్న చిన్న ముల్లు మాత్రం సున్నా దగ్గర నుంచి బియ్యపు గింజంత కదిలింది.

"ఇది లేవలేదేందన్నా?" అన్నాను.

"ఆన్‌లైన్ మాలు మేడం. ముల్లు ఖరాబుంటది."

నేను తల ఊపాను. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఒత్తిడి అంటే ఏమిటో ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద గీసి చూపించినదాన్ని. ఆ కాగితం మీద నింపాల్సిన ఒత్తిడి అంకెల్లో రాసి ఉంది. లారీ టైరుకు కొట్టేదానికి అది ఇరవై రెట్ల పైమాటే. ఏడో తరగతి పిల్ల కూడా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఏ ముల్లు అబద్ధం చెప్పడం లేదో చెప్పేస్తుంది. నేను పెట్టలేదు. ఇంటికి వచ్చి మా తమ్ముడు పెద్ద గోలెం నీళ్ళలో తల ముంచి మూడుసార్లు పీల్చాడు. గాలి వచ్చింది. వాడు తల ఎత్తి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నాకదే చాలనిపించింది. మర్నాడు పొద్దున వాడు మళ్ళీ ఒకసారి ఫుల్ టైట్ చేయించుకొచ్చాడు.

ఆ రోజు పని న్యాల్‌కల్ వైపు ఒక అల్లం తోటలో. మోటారు పడిపోయి వారమైంది, ఆకులు వాడిపోతున్నాయి. ఆ రైతు మమ్మల్ని చూడగానే, "ఈ బాయిల జర గాలుంది సారూ, పైలం" అని మా తమ్ముడితో అన్నాడు. "ఇయ్యాల చూద్దువుగాని, ఉన్నదో లేదో" అన్నాను నేను.

బావి గట్టు మీద షరతు బయటపెట్టాను. తమ్ముడు నా ముఖం చూసి, తాయెత్తు విప్పి భార్య చేతిలో పెట్టాడు. ఆమె కొంగులో కట్టి నడుముకు దోపుకుంది. నేను ఆమె వైపు తిరిగాను.

"ఇయ్యాల నువ్వు ఊపిరి బిగవట్టుడు అవసరం లేదు. ఆయన ఊపిరి ఆయన తీసుకపోతుండు. పది నిమిషాలు పడ్తది. నడుమ గుంజి పని చెడగొట్టకు."

"అయిందా వదినె నువ్వు చెప్పుడు?"

కాలు గట్టు రాయికి తన్ని పెట్టి, తాడు రెండు మలుపులు చేతికి చుట్టుకుంది. మా తమ్ముడు నీళ్ళలో నిలబడి సిలిండరు పట్టీ మెడలో వేసుకొని, దాని మూతి నోట్లో పెట్టుకున్నాడు. ఒకసారి నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. మునిగాడు. పక్కన నా మరదలు దవడలు బిగుసుకోవడం చూశాను. మళ్ళీ అదే! ఇంత చెప్పినా అదే! నాకు పట్టరాని కోపం వచ్చింది. ఫోనులో గడియారం పెట్టి నిలబడ్డాను.

కొద్దిసేపటికి నీళ్ళ మీదికి పెద్ద బుడగలు గుంపుగా వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు.

సిలిండరుతో ఊపిరి పీల్చే మనిషి పైన బుడగలు ఆగకూడదు. వదిలిన ప్రతి ఊపిరీ పైకి రావాలి. ఇది నాకు తెలుసు. తెలిసీ నేను నీళ్ళ వైపు కాక గడియారం వైపు చూస్తున్నాను. ఇంకా నిమిషం కూడా కాలేదు. పది నిమిషాలు అని రాసి ఉంది కదా.

మరదలి మెడ నరాలు ఉబ్బాయి. తాడు గుంజడం మొదలుపెట్టింది.

"గుంజకు! గుంజకంటే!" అని అరిచాను. ఆమె ఆగలేదు. నేను వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకున్నాను. రాయకుండా దాచవచ్చు, దాచను. పట్టుకోవడమే కాదు, మెలితిప్పాను. ఆమె మోచేత్తో నా రొమ్ము మీద ఒక్క పోటు పొడిచింది. నేను వెనక్కి అల్లం మొక్కల్లో పడ్డాను. రైతు పరుగెత్తుకొచ్చి తాడు అందుకున్నాడు. అది ఎక్కడో పట్టేసింది, కదలలేదు. ఇద్దరూ ఒక్కసారిగా ఒరిగి లాగారు. లోపల ఏదో తెగింది. తాడు వదులైంది.

మా తమ్ముడు పైకి తేలాడు. నోట్లో మూతి లేదు, మెడలో సిలిండరు లేదు. ముఖం నేరేడు పండు రంగులో ఉంది. గట్టు మీద బోర్లా పడుకోబెడితే నీళ్ళు కక్కాడు. చాలాసేపటికి మాట వచ్చింది.

"ఇడిసిన అక్కా. నువ్వు చెప్పినట్టే అడుక్కు పోంగనే ఊపిరి మొత్తం ఇడిసిన. మల్ల తీసుకుందామంటే... రాలే."

ఛాతీ నిండా గాలి పట్టుకొని మునిగే మనిషి వాడు. ఆ గాలితోనే ఇన్నేళ్ళు పైకి వచ్చాడు. దాన్ని బావి అడుగున వదిలేయమని చెప్పింది నేను. లారీ టైరు గాలి గోలెంలో మూడు ఊపిరులకు సరిపోయింది, బావి లోతులో ఒక్కదానికీ సరిపోలేదు. సిలిండరు పట్టీ పైపు బిగింపుకు చిక్కుకుందట. చవకరకం పట్టీ కాబట్టి తెగింది. గట్టిది అయివుంటే తెగేది కాదు. ఆ అయిదు నక్షత్రాల వాళ్ళెవరూ రాయని గుణం అదొక్కటే.

రైతు తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, "నేన్జెప్పలే! చూసిన్రా గాలి? తాయెత్తు తీయంగనే పట్టింది" అన్నాడు.

అప్పుడు కూడా ఆ మాటను అలా వదిలి రాలేకపోయాను. "తాయెత్తు దండకు ఉన్నప్పుడే పోయినసారి కండ్లు తేలేసిండు. అది అప్పుడేం జేసింది? ఇయ్యాల గాలి ఉండి కాదయ్యా, గాలి లేకనే మునిగిండు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం చెప్పే ముఖం నాకు లేదు.

మరదలు మణికట్టు పట్టుకొని కూర్చుంది. అప్పటికే వాచింది. పక్కకు వెళ్ళి అడిగాను. "నేను వద్దన్న గదా, ఎందుకు గుంజినవ్?"

"నా ఊపిరైపోయింది. గుంజిన."

"గిట్ల పట్టాలని నీకెవలు చెప్పిన్రు?"

"మా అత్త. అంటే మీ అమ్మనే వదినె. మామకు ఆమెనే పట్టేదట." చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, తెలిసిన సంగతి మళ్ళీ ఎందుకు చెప్పాలన్నట్టు చెప్పింది. "మొగోళ్ళకు తాడియ్యొద్దన్నది. మొగోని ఊపిరి పెద్దగుంటది, లోపలోడు సచ్చినంక గుంజుతడు. ఆడోళ్ళ ఊపిరి చిన్నది, ముందుగాలనే అయిపోతది. గందుకే మన చేతుల్నే ఉండాలె అన్నది."

నేను దాన్ని పాతివ్రత్యం అని పత్రికలో రాశాను. అది మొక్కు కాదు, వ్రతం కాదు. లోపలి మనిషి కన్నా ముందు ఆగిపోయేలా పెట్టుకున్న గడియారం. ఆ లెక్క వేసింది అక్షరం రాని మా అమ్మ. అమ్మ ఆ తాడు పట్టుకొని గట్టు మీద నిలబడ్డ రోజుల్లో నేను పట్నంలో హాస్టల్లో ఉండి చర్చా మండలిలో మూఢనమ్మకాల మీద బహుమతులు తెచ్చుకుంటున్నాను. నిమ్మకాయ వేరు, ఈ ఊపిరి వేరు అని విడదీసి చూడటమే హేతువాది చేయాల్సిన పని. నాకు పనికిరాని వాటి మీద కోపం ఎంత పెరిగిందంటే, ఏది పనికొస్తుందో పరీక్షించే ఓపిక పోయింది. పరీక్షించకుండా కొట్టిపారేయడం కూడా ఒక నమ్మకమే, అదీ చెడ్డ నమ్మకం.

వారం తిరక్కముందే సేటు దుకాణానికి వెళ్ళాను. నిమ్మకాయ ఎండిపోయి వేలాడుతోంది.

"ఆనాడు గాలి సంగతేంది అంటివి. ఏ గాలి?" అని అడిగాను. అప్పుడు అడగాల్సిన ప్రశ్న.

"నింపే గాలి మేడం. ఇంకే గాలి? సిలిండర్ అమ్మెటోడు నింపుడెక్కడ అని అడగడా? మన జహీరాబాద్‌ల ఆ మిషన్ లేదు. ఎవడన్న లారీ కంప్రెసర్ తోని కొట్టిస్తడేమోనని నా ఫికర్."

"మరి నాకు చెప్పొద్దా?"

"చెప్పనిస్తిరా మేడం? గాలి లేకుంట ఎట్ల దిగుతడు అంటే, గాలి లేదు, లేనే లేదు అంటిరి. నేను దయ్యాలున్నయంటినా?"

"నిమ్మకాయ కట్టినవ్ గదా!"

"అది నేను కట్టిననా? శనివారం శనివారం ఒకాయనొచ్చి పేపర్ ఏసినట్టు ఏసి పోతడు. వద్దంటే గొడవ."

వద్దంటే గొడవ అని ఊరుకోవడమే ఈ ఊరి రోగం అని అతనికి చెప్పాను. ఒక మనిషి ప్రాణం మధ్యలో ఉన్నప్పుడు, ఎదుటి మనిషి పొరబడిందని తెలిసీ, వెనక నవ్వుకొని ఊరుకోవడం తప్పని కూడా చెప్పాను. జరిగినదాంట్లో ముప్పాతిక తప్పు నాది. మిగిలిన పాతిక అతనిది, పంక్చరు షాపు వాడిది, చింతిస్తూ కూర్చున్న ఆ ఫోనుది. నా వాటా ఒప్పుకుంటున్నాను కాబట్టి వాళ్ళ వాటా మాఫీ చేస్తాననుకోవద్దు. సేటు అంతా విని, "తమ్మునికి ఎట్లుంది మేడం?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న నన్ను అడిగే హక్కు మాత్రం అతనికి ఉందనిపించింది. బాగున్నాడని చెప్పాను.

"మొన్న తమ్ముని తాడు చూసిన నేను. పాతది. లోపల పోగులు తెగినయ్. ఇది తీస్కపోన్రి" అని నీళ్ళకు నానని మంచి తాడు ఒక చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కొన్నాను. నిమ్మకాయ కిందనుంచి తల వంచి బయటికి వచ్చాను.

సిలిండరు ఇప్పటికీ ఆ బావి అడుగునే ఉంది. మీ కొనుగోలు ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అని ఫోనులో అడుగుతూనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తే, నియమాలకు సరిపోలేదని తీసేశారు. మా తమ్ముడు తాయెత్తు మళ్ళీ కట్టుకున్నాడు. ఆ విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకోలేదు. పనంతా ఒక్క మునకలో ముగించబోకుండా, మునకకూ మునకకూ మధ్య చాలాసేపు గట్టు మీద కూర్చోవాలని మాత్రం ఒప్పించగలిగాను.

అల్లం తోట రైతు మోటారు ఇంకా బావిలోనే ఉంది. మూడు వారాలకు తమ్ముడు మళ్ళీ దిగుతానన్నాడు. మరదలి మణికట్టుకు పట్టీ ఉంది, తాడు పట్టలేదు. ఆ పట్టీ ఎందుకు పడిందో తెలిసినదాన్ని కాబట్టి ఎవరూ అడగకముందే కొత్త తాడు చేతికి చుట్టుకున్నాను.

"ఇద్దరొక్కసారి పీల్చాలె వదినె. అయిపోతే గుంజు. ఆలోచన చెయ్యకు" అంది మరదలు. ఆఖరి మాట ఒత్తి పలికింది.

వాడు పీల్చాడు, నేనూ పీల్చాను. వాడు మునిగాడు. నాకు అరవై దాటింది, ఇన్నేళ్ళ సుద్దముక్కల పొడి ఛాతీలో ఉంది. నీళ్ళ మీద వలయాలు పూర్తిగా సర్దుకోకముందే నా చెవుల్లో హోరు మొదలైంది. పట్టుకున్నాను, పట్టుకున్నాను, గుంజేశాను.

వాడు నీళ్ళలోంచి తల ఎత్తి ముఖం తుడుచుకొని అరిచాడు. "అప్పుడే గుంజినవేందక్కా! ఇంకా మోటరుకు చెయ్యే తాకలే!"

"నా ఊపిరంతే!"

"వదినె తాడు పడితే ఈ ఏడు అల్లం ఎండినట్టే" అని మరదలు పట్టీ ఉన్న చేత్తోనే నోరు మూసుకొని నవ్వింది. నవ్వు ఆగాక, "గట్లనే పట్టు" అంది.

మూడు మునకల్లో అయ్యే పనికి ఆ రోజు పదకొండు మునకలు పట్టాయి. పదకొండుసార్లూ వాడు నన్ను తిట్టాడు. పదకొండుసార్లూ వాడికి తిట్టేంత ఊపిరి మిగిలింది.